తెల్ల దుప్పటి తీసేసిన శుక్రవారం

పోయిన నెల, పాస్టర్లకి చదువు చెప్పే కాలేజీ వాళ్ళు ఫోన్ చేశారు. కొత్తగా సేవలోకి వచ్చేవాళ్ళకి "యువతను సంఘానికి దగ్గర చేయడం ఎలా" అన్న అంశం మీద గంటసేపు మాట్లాడాలట. "మీకు గల్ఫ్ అనుభవం కూడా ఉంది కదండీ" అన్నాడు ఆ మాట్లాడినాయన, అదేదో అదనపు డిగ్రీ అన్నట్టు. గంటసేపు నిలబడే ఓపిక నా మోకాళ్ళకి లేదు, రాసిస్తానన్నాను. "ఏవైనా సూత్రాల్లాగా రాయండి, పిల్లలకి గుర్తుంటాయి" అన్నాడు. సూత్రాలు నా దగ్గర లేవు నాయనా. నా దగ్గరున్నది ఒక దుప్పటి. దాని సంగతే చెబుతాను.

మీ పుస్తకాల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా చూస్తున్నాను. పెద్దవాళ్ళు తమ ఇష్టాయిష్టాలు పక్కనపెట్టి కుర్రాళ్ళకి దారివ్వాలి అని. మాట మంచిదే, కాదనడానికి నేనెవర్ని? కాకపోతే అది రాసినవాళ్ళు ఎప్పుడూ ఒక మనిషి ఎదురుగా నిలబడి, "అమ్మా, నీ ఇష్టం పక్కన పెట్టు" అని నోరు తెరిచి చెప్పి ఉండరని నా అనుమానం. చెప్పి ఉంటే అంత తేలిగ్గా రాయరు. మెడలో కండువా తీసి మేకుకి తగిలించినంత సులువు కాదది.

మిగిలిన ఆరు రోజులు

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో తెలుగు సంఘానికి పాస్టరుగా ఉన్నాను. ఎలా వెళ్ళాను, ఎవరు పంపారు, ఏ కాగితాల మీద ఉన్నాను అన్నవి ఎవరికీ పనికిరాని సంగతులు. అసలు ఆ ఉద్యోగమేమిటో చెబుతాను. అక్కడ శుక్రవారం సెలవు, కాబట్టి మనకి ఆదివారం చేసే ఆరాధన అక్కడ శుక్రవారం. ఆ ఒక్క పూటా నా చుట్టూ మనుషులు. మిగిలిన ఆరు రోజులూ నేనూ, నా గది.

నా భార్య సరోజిని పాలకొల్లులో గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఆ ఉద్యోగం వదలడం ఆవిడకి ఇష్టం లేదు, వదలమనడం నాకూ ఇష్టం లేదు. అలా ఆవిడ అక్కడ, నేను మనామాలో ఒక పాత బిల్డింగులో. పగలు కూలీలుండే క్యాంపుకి వెళితే అందరూ డ్యూటీలో ఉంటారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళని పలకరిద్దామంటే పరాయి మగవాణ్ణి విల్లా గేటు దగ్గరికే రానివ్వరు. కింద కొట్లో మలయాళీ భాయ్‌ని "బ్రెడ్డుందా?" అని అడగడమే కొన్నిసార్లు ఆ రోజుకి నేను మాట్లాడిన మాట. ఉతికిన దుప్పటి మడతపెట్టాలంటే ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి, మిగిలింది చేతులతో లాక్కుని, సగంలో జారిపోతే మళ్ళీ మొదలుపెట్టడం. ఒక్కడే ఉండేవాడి బతుకు అలాంటి చిన్న పనుల్లోనే తెలిసొస్తుంది.

"పాస్టరుకి ఒంటరితనమేమిటండీ, దేవుడు తోడున్నాడుగా" అనేవారు. ఉన్నాడు. కాదన్నదెవరు? కానీ సాయంత్రం టీ పెట్టుకుంటే ఎదురు కుర్చీలో కూర్చుని ఊసులాడడు కదా. శుక్రవారం ఎవరో ఒకరు "అయ్యగారూ, బావున్నారాండీ" అంటే చాలు, ఆ మాటే వారమంతా నెమరేసుకునేవాణ్ణి. ఈ సంగతి కాలేజీలో చెప్పరు, అందుకే చెబుతున్నాను. ఈ పనిలో అందరికంటే ముందు వచ్చేది ఒంటరితనమే, అందరూ పోయాక మిగిలేదీ అదే.

కుర్చీలు తీసి చాపలు

మాకు సొంత గుడి లేదు. ఒక పాత చర్చి కాంపౌండులో హాలుండేది, అందులో ఒక్కో భాషవాళ్ళకి ఒక్కో వేళ. శుక్రవారం మధ్యాహ్నం తమిళులు లేచి వెళ్ళాక మేము. హాలు నిండా మంచి కుర్చీలు. మావాళ్ళు ఆ కుర్చీలన్నీ ఎత్తి గోడవారగా పేర్చి, నేల మీద చాపలు పరిచేవాళ్ళు. ఊళ్ళో మా గుళ్ళల్లో చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు నేల మీదే కూర్చుంటాం. కుర్చీలో కూర్చుని ప్రార్థన చేస్తే మావాళ్ళకి ప్రార్థన చేసినట్టే ఉండదు. ఆరాధన అయ్యాక మళ్ళీ చాపలు చుట్టి, కుర్చీలు వేసి అప్పగించాలి. హాలు చూసుకునే పాకిస్తానీ పెద్దాయన గడియారం చూపిస్తూ "పాస్టర్ సాబ్, ఖలాస్, టైం ఖలాస్" అని తరుముతూ ఉండేవాడు.

"ఎందుకండీ ఈ చాకిరీ, హాయిగా కుర్చీల్లో కూర్చుందాం" అని నేనోసారి అన్నాను. సంఘ పెద్ద ప్రకాశం గారు నొచ్చుకున్నారు. ఆయన ఒక కంపెనీ స్టోర్సులో గుమస్తా, ఇస్త్రీ మడత నలగని మనిషి. "వారమంతా కుర్చీలోనే కదండీ, ఆఫీసులో ఉన్నట్టుంటుంది. చాప మీద కూర్చుంటేనే మా ఊరి గుళ్ళో కూర్చున్నట్టుంటుంది" అన్నారు. నిజానికి నాకూ అలాగే ఉండేది.

ఆ చాపల మీద, నేను నిలబడే చోటి నుంచి గుమ్మం దాకా, ఒక తెల్ల దుప్పటి. నాలుగైదు దుప్పట్లు కలిపి కుట్టిన పెద్ద దుప్పటి అది. దాన్ని కుట్టింది, ఉతికేది, పరిచేది సువార్తమ్మ.

సువార్తమ్మది రాజోలు దగ్గర ఒక పల్లె. బుదైయాలో ఒక అరబ్బు కుటుంబం విల్లాలో పని. ఇంటి దగ్గర ఒక్క కూతురు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఆ ఇంటివాళ్ళు కాసేపు వదిలేవాళ్ళు, వాళ్ళ డ్రైవరే దింపి, వాళ్ళ డ్రైవరే తీసుకెళ్ళేవాడు. ఆ ఇంట్లో బట్టలుతికే మిషన్లున్నాయి. కానీ ఈ దుప్పటిని మాత్రం ఆవిడ మిషన్లో వేసేది కాదు. మేడ మీద చేత్తో ఉతికి, నీలిమందు పెట్టి, ఆరేసి, మడతపెట్టి, సంచిలో పెట్టుకుని చంటిపిల్లని తెచ్చినట్టు తెచ్చేది. పరిచేటప్పుడు ఇంకో మనిషి కావాలి కాబట్టి రెండో కొస నాకిచ్చేది. "అటు లాగండయ్యగారూ, ముడత పడింది. ఇంకాస్త. ఆఁ." వాక్యం చెప్పే పాస్టర్ని అలా ఆజ్ఞాపించే మనిషి ఆ సంఘంలో ఇంకెవరూ లేరు. అయ్యాక మళ్ళీ ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెట్టేవాళ్ళం. "సువార్తమ్మ దుప్పటి మీదికి దేవదూతలొచ్చినా కాళ్ళు కడుక్కునే దిగాలి" అని తోటి ఆడవాళ్ళు ఏడిపించేవారు. ఆవిడ మూతి ముడుచుకునేది గానీ లోపల్లోపల మురిసిపోయేది.

మెట్ల మీద వాళ్ళు

మామీర్ వైపు వర్క్‌షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు కొందరుండేవారు. లారీలు, డీజిల్ ఇంజన్లు బాగుచేసే పని. శుక్రవారం కూడా పొద్దున ఓవర్‌టైం చేసి, మధ్యాహ్నం వ్యానెక్కి మనామా వచ్చేవాళ్ళు. కొందరు మా కోస్తా క్రైస్తవ పిల్లలు. కొందరు జగిత్యాల, నిజామాబాదు దిక్కు హిందూ పిల్లలు, వీళ్ళతో పాటు వచ్చేవాళ్ళు. ఒక్కరూ లోపలికి వచ్చేవారు కాదు. హాలు బయట మెట్ల మీద, గోడకానుకుని, ఆరాధన మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు.

దీని మీద మా కమిటీలో జరిగినన్ని చర్చలు ఇంక దేని మీదా జరగలేదు. పాత కీర్తనలు వాళ్ళకి నచ్చడం లేదని ఒకరు. నా ప్రసంగం మరీ పొడుగని ఇంకొకరు, నా వైపు చూడకుండా. సిగరెట్ల కోసం బయటుంటున్నారని మరొకరు. చివరికి ప్రకాశం గారు లేచి, "మన ఇష్టాలు పక్కన పెట్టాలండీ. లేకపోతే ఈ సంఘం మనతోనే ఆఖరు" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అంతే, మొదలైంది మా అవస్థ.

ఎవరినో బతిమాలి గిటారు తెప్పించాం. కీబోర్డు తెచ్చాం. హార్మోనియం వాయించే పెద్దాయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. హుషారు పాటలకి చప్పట్లు కొట్టాలని తీర్మానించాం. ప్రకాశం గారు ఆముదం తాగినట్టు మొహం పెట్టి, తాళం తప్పుతూ, పాట అయ్యేదాకా పాపం కొట్టారు. నా ప్రసంగం సగానికి కోశారు. వారమంతా నోరు విప్పే అవకాశం లేనివాణ్ణి, ఉన్న ఆ ఒక్క గంటా నాకెంత ఆధారమో వాళ్ళకేం తెలుసు? అయినా సరేనన్నాను. యువజనుల పండుగ అని బుడగలు కట్టి కేకు తెచ్చాం. కుర్రాళ్ళు గిటారుకి మెట్ల మీదే పాదం ఆడించారు. కేకు కూడా మెట్ల మీదే తిన్నారు. గడప ఒక్కడు దాటితే ఒట్టు.

ఇంతలో ఒక శుక్రవారం కాంపౌండు ఆఫీసు నుంచి కబురొచ్చింది. మెట్ల మీద జనం గుంపుగా కూర్చుంటున్నారని మిగతా భాషలవాళ్ళు ఫిర్యాదు చేశారట. మీవాళ్ళయితే లోపల కూర్చోబెట్టుకోండి, కాకపోతే పంపించేయండి అన్నారు. వచ్చే శుక్రవారం నుంచి మెట్ల మీద ఎవరూ ఉండకూడదు. పంపించేస్తే ఈ పిల్లలు ఎక్కడికి పోతారు? క్యాంపులో ఒక్కో గదికి కిక్కిరిసి, మంచం మీద పడుకుని పైకప్పు చూడ్డానికా?

"గా దుప్పటి ఖరాబైతది సార్"

ఆ రోజు ప్రార్థన ప్రకాశం గారికి అప్పజెప్పి నేను వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. రాతి మెట్టు పెనంలా కాలుతోంది. కుర్రాళ్ళు కంగారుగా లేవబోయారు. కూర్చోండి నాయనా అన్నాను. నా పక్కనున్నవాడు రాజేశం, జగిత్యాల దగ్గర పల్లె, పాతికేళ్ళు కూడా ఉండవు.

"నువ్వు క్రైస్తవుడివి కాదు కదా, ప్రతి వారం ఎందుకొస్తున్నావు?" అని సూటిగానే అడిగాను.

"తెలుగు వినొస్తది సార్, గంతే" అన్నాడు. "వారమంతా యల్లా యల్లా, జల్ది జల్ది అని ఒర్రుడే. ఈడ కూసుంటే మా ఊళ్ళె ఎవరో ముచ్చట పెట్టుకుంటున్నట్టే ఉంటది."

"అయితే లోపలికొచ్చి కూర్చోవచ్చుగా? పాటలు నచ్చటం లేదా?"

"పాటలకేమైంది సార్, మంచిగనే ఉన్నయి."

"నేను మరీ ఎక్కువసేపు మాట్లాడుతున్నానా?"

వాడు నవ్వాపుకున్నాడు. "కొంచెం ఎక్కువనే సార్. కాని గది కాదు."

మిగతావాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. రాజేశం చెప్పు విడిచి అరికాలు నాకు చూపించాడు. నల్లగా, పగుళ్ళ నిండా గ్రీజు. "బూట్లిస్తరు సార్, గని ఆయిలు బూట్లల్లకే కారుతది. సబ్బుతోని పోదు. డీజిల్‌తోని కడిగితే జరంత పోతది, ఇగ దాని వాసన. మేం లోపటికొస్తే గా తెల్ల దుప్పటి ఖరాబైతది."

"ఎవరైనా ఏమైనా అన్నారా మిమ్మల్ని?"

"ఎవ్వలేమనలే. ఒకసారి లోపట కాలు పెట్టబోయిన. గా అమ్మ నా కాళ్ళ దిక్కు చూసింది, మల్ల దుప్పటి దిక్కు చూసింది. ఏమనలే సార్. మా అమ్మ గూడ గట్లనే చూస్తది, అలుకు చల్లినంక తొక్కితే. నేనే ఎన్కకొచ్చిన."

గిటార్లు, చప్పట్లు, బుడగలు, కేకులు! తల ప్రాణం తోకకొచ్చేలా ఇన్ని చేశాం గానీ, ఒక్కరం వచ్చి ఈ మెట్టు మీద కూర్చుని, ఎందుకు రావట్లేదురా అని అడగలేదు.

వేరే చాప

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. సంగతి చెప్పాను. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. "ఓస్, ఇంతేనా! దానికేముందండీ, వెనకాల వాళ్ళకి వేరే చాప వేద్దాం. దుప్పటి దాకా రాకుండా" అన్నారు ప్రకాశం గారు.

వేరే చాప అన్న మాట అందరికీ తగిలింది. మీరు ఈ తరంవాళ్ళు, మీకు అర్థం కాకపోవచ్చు, చెబుతాను. ఆ గదిలో ఉన్న మా అందరి తాతలూ ఊరి అరుగు ఎక్కకూడని మనుషులు. పెద్దవాళ్ళ ఇంటికి వెళితే పెరట్లో, దూరంగా, విడిగా నేల మీద. మాలో చాలామంది ఇళ్ళల్లో గుడి గురించి మొదట చెప్పే కథ ఒకటే, అందరం ఒకే చాప మీద కూర్చున్నాం అని. చాప మీద మాకంత మమకారం అందుకే. అలాంటి మాకు, కాళ్ళు నల్లగా ఉన్న పిల్లలొస్తే చప్పున తట్టింది వేరే చాప.

ప్రకాశం గారే ముందు తల దించుకున్నారు. "మా నాన్న వింటే చెంప పగలగొట్టేవాడు" అన్నారు మెల్లగా. నాకు ఆయన మీద అప్పుడే గౌరవం పెరిగింది.

దుప్పటి తీసేద్దామని తేల్చాం. చాపలకి మురికైతే కడుక్కుంటాం. మరి సువార్తమ్మ? ముందుగా చెప్పే దారి లేదు. విల్లాకి ఫోన్ చేయకూడదు, వెళ్ళకూడదు. శుక్రవారం వచ్చాకే చెప్పాలి. ఎవరు చెప్పాలంటే అందరూ నా వైపే చూశారు.

ఆ శుక్రవారం ఆవిడ సంచి చంకలో పెట్టుకుని వచ్చేసరికి చాపలు పరిచేశాం. గుమ్మం దగ్గరే ఆపి చెప్పాను. కుర్రాళ్ళ కాళ్ళు, మెట్ల మీద కూర్చోవద్దన్న కబురు, అన్నీ చెప్పాను. వింటూ వింటూ ఆవిడ సంచిని గుండెలకి అదుముకుంది.

"నా దుప్పటేం చేసిందండీ?" అంది.

"ఏం చేయలేదమ్మా. కొన్నాళ్ళు పక్కన పెడదాం. ఆ పిల్లల కోసం."

"నేను పొద్దున లేత్తే దుప్పట్లే ఉతుకుతానండీ. మదాంవి, పిల్లలయి, చుట్టాలయి. ఆటి మీద ఏనాడైనా కూకున్నానా? నేనుతికిన దుప్పటి మీద నేను కూకునేది ఇక్కడొక్కచోటేనండీ అయ్యగారూ." సంచి మళ్ళీ చంకలోకి సర్దుకుంది. "సరేలెండి. పెద్దోళ్ళు అనుకున్నాక నాదేముంది."

కుర్రాళ్ళు లోపలికొచ్చారు. బెదురుతూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చి కూర్చున్నారు. అందరి మొహాలూ వెలిగిపోయాయి. ప్రకాశం గారు తాళం తప్పకుండా చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వైపు గోడవార సువార్తమ్మ ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. పాట పాడలేదు. అయిపోయాక మడతపెట్టడానికి ఏమీ లేదు కాబట్టి, నాతో మాట కూడా లేకుండా వెళ్ళిపోయింది.

తర్వాతి శుక్రవారం రాలేదు. ఆ పై వారమూ లేదు. ఒంట్లో బాగోలేదో, ఇంటివాళ్ళు వదల్లేదో, నా మీద కోపమో, తెలుసుకునే దారే లేదు. కుర్రాళ్ళేమో ఇంకొందరిని తీసుకొచ్చారు. హాలు నిండింది. పుస్తకాల ప్రకారం మేము గెలిచాం. ఆ గెలుపు తీసుకుని నేను గదికెళ్ళి ఒక్కణ్ణే కూర్చుని, పెట్టుకున్న అన్నం మళ్ళీ గిన్నెలోకి ఎత్తేసేవాణ్ణి.

"తొక్కు"

ఆ తర్వాత ఒక శుక్రవారం తమిళులు లేచేసరికే సువార్తమ్మ గుమ్మంలో ఉంది. ఎవరినీ పలకరించకుండా, చాపలు పరవగానే సంచిలోంచి దుప్పటి తీసింది. కొస పట్టుకొమ్మని నాకు కళ్ళతోనే చెప్పింది. కాదనే ధైర్యం నాకు లేకపోయింది. దుప్పటి మల్లెపువ్వులా ఉంది. ప్రకాశం గారు ఏదో అనబోయి, నా మొహం చూసి పాటల పుస్తకాలు పంచడానికి వెళ్ళిపోయారు.

కుర్రాళ్ళు వచ్చారు. గడప దగ్గర దుప్పటి చూసి ఆగిపోయారు. ముందున్న రాజేశం వెనక్కి తిరిగాడు.

"ఏరా, ఎక్కడికి?" సువార్తమ్మ గొంతు ఖంగుమంది. "దిష్టిబొమ్మల్లా నిలబడతారేంటి, లోపలికి రండి."

"వద్దమ్మా. ఖరాబైతది."

"అవ్వనియ్యి. నీ పేరేంటి?"

"రాజేశం."

"రాజేశం, తొక్కు."

వాడు నా వైపు చూశాడు.

"మల్ల నువ్వే పిండాలె గదమ్మా" అన్నాడు.

"ఉతుకుతానురా! మురికవ్వకపోతే నేనుతికేదేంటి? నన్నొకళ్ళు అడిగారా? నా చూపు చూసి నువ్వు పారిపోయావు. ఈ అయ్యగారేమో నీ కాళ్ళు చూసి నా దుప్పటి తీయించేశారు. అందరూ నాకు మేలే చేశారు! ఉన్న పనీ లాగేసుకుని నన్ను ఖాళీగా కూకోబెట్టారు. ఆ రోజు నేనెందుకు చూశానో తెలుసా? ఈ నలుపుకి నీలిమందు చాలదు, సోడా కావాలేమో అనుకుంటా చూశాను. తొక్కరా నాయనా. నాకా పనైనా మిగల్చండి."

రాజేశం ఒక కాలు పెట్టాడు. తీయగానే మడమా, వేళ్ళూ నల్లగా అచ్చు పడ్డాయి. సువార్తమ్మ వంగి ఆ అచ్చుని చూసింది, పని ఎంతుందో అంచనా వేసుకునే చూపు.

"ఆఁ. రెండోది కూడా పెట్టు" అంది. తర్వాత వెనకున్నవాళ్ళ వైపు చూసి, "మీకు వేరే చెప్పాలా?" అని కసిరింది.

అందరూ వచ్చారు. నేను ఆ రోజు ప్రసంగం సగం కూడా చెప్పలేకపోయాను.

మిగిలింది

గ్రీజు పోలేదు. ఆవిడ సోడా వేసింది, ఉడకబెట్టింది, ఎండేసింది. ప్రతి వారం కాస్త బూడిదరంగు మిగులుతూ వచ్చింది. "ఈ మూల మరక రాజేశంది, మొండిది, ఆడిలాగే" అని తోటి ఆడవాళ్ళకి చూపించేది. వాడు క్రైస్తవుడు కాలేదు. నేనెప్పుడూ అవ్వమనలేదు. ఎందుకు అనలేదని కమిటీలో కొందరు నిలదీశారు, ఆ తగాదా ఇక్కడెందుకు. కానీ దుప్పటి పరిచేటప్పుడూ మడతపెట్టేటప్పుడూ రెండో కొస ఇప్పుడు వాడు పట్టుకునేవాడు. "అటు లాగరా, ముడత పడింది" అని వాణ్ణి తిడుతూ ఉండేది. నేను గోడవార నిలబడి కుర్చీలు సర్దేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు చివుక్కుమనేది. వారంలో నాకున్న ఆ కాస్త సావాసం కూడా కుర్రాళ్ళకి ఇచ్చేశానన్నమాట. ఇష్టాలు పక్కన పెట్టడమంటే ఇదీ నాయనా, పుస్తకంలో లేనిది.

ఒక శుక్రవారం ఆరాధన ఇంకా ముగియకుండానే విల్లా డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టాడు. సువార్తమ్మ చెప్పులు వెతుక్కుంటూ పరిగెత్తింది. "దుప్పటి మీ దగ్గరుంచండయ్యగారూ, వచ్చే వారం పట్టుకెళ్తాను" అని గుమ్మంలోంచి కేకేసింది. వ్యాను టైమైందని కుర్రాళ్ళూ వెళ్ళిపోయారు. నేను కుర్చీలు వేసి, దుప్పటిని గడ్డం కింద నొక్కిపెట్టి ఎలాగో మడతపెట్టుకుని గదికి తీసుకెళ్ళాను.

ఆ పై వారం ఆవిడ రాలేదు. పక్క విల్లాలో పనిచేసే ఒకావిడ చెప్పింది. సామాను సర్దుకోమని కఫీల్, అంటే ఆవిడకి వీసా ఇచ్చిన ఇంటాయన, ఉన్నట్టుండి చెప్పాడట, ఆ మర్నాడే విమానం ఎక్కించేశారట. ఎందుకో ఎవరికీ తెలియదు. రాజేశం వచ్చి "సార్, దుప్పటేది?" అన్నాడు. ఉతకలేదన్నాను. "నేను పిండుత తియ్యుండ్రి" అన్నాడు. ఇవ్వబుద్ధి కాలేదు. ఆవిడ తిరిగి వస్తుందేమోనని నాలో ఎక్కడో ఒక ఆశ. ఆ తర్వాత మేము వట్టి చాపల మీదే కూర్చున్నాం. కాంట్రాక్టులయిపోయి కుర్రాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, రాజేశం కూడా. కొత్త కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళకి దుప్పటి సంగతే తెలియదు.

సెలవు మీద వచ్చినప్పుడు దుప్పటి పట్టుకుని రాజోలు వైపు వెళ్ళాను. ఇల్లు దొరికింది. కూతురు గుమ్మంలోకి వచ్చి, "అమ్మ కువైట్ వెళ్ళిపోయిందండీ" అంది. దుప్పటి ఆ పిల్లకి ఇచ్చి రావచ్చు. కానీ ఏమని చెప్పి ఇస్తాను? దుప్పటి తిరిగి నాతోనే వచ్చేసింది.

కాబట్టి, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. కుర్రాళ్ళకి ఏం కావాలో మీరూహించకండి, వెళ్ళి మెట్టు మీద కూర్చుని అడగండి. పెద్దవాళ్ళని ఏం వదులుకోమనాలో కూడా ఊహించకండి, వాళ్ళనీ అడగండి. పరాయి దేశంలో ఒక మనిషికి మిగిలిన ఇల్లు ఒక్కోసారి ఒక దుప్పటంతే ఉంటుంది.

రిటైరై వచ్చాక సరోజినీ, నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. విడిగా ఉన్న ఏళ్ళు ఎక్కువ కదా, ఇద్దరికీ మాట్లాడుకోవడం అలవాటు తప్పింది. ఆవిడ వంటింట్లో, నేను వరండాలో. మొన్న అలమారా సర్దుతూ ఆ దుప్పటి బయటికి తీసింది. విప్పి చూసి, "ఇదేంటండీ, ఇన్ని కాళ్ళ మరకలు! ఉతికేయనా?" అంది.

"వద్దు. అది ఉతికే మనిషి వేరే ఉంది" అన్నాను.

సరోజిని నా మొహంలోకి చూసింది. ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని, "అటు లాగండి, ముడత పడింది" అంది.